గుండెయా, ఊపిరియా? హైదరాబాదు క్లోరోఫారము విచారణ

శంషాబాదు అనగానే నేడు విమానాశ్రయము జ్ఞప్తికి వచ్చును. 2008 మార్చిలో బేగంపేటనుండి విమానముల రాకపోకలు అచ్చటికి మారినవి. అంతకు పూర్వము అది నగరమునకు దక్షిణముగా, బెంగుళూరు బాటమీద నున్న ఒక ఊరు మాత్రమే. పైగా ప్రభువులు ధరించిన 'శంస్-ఉల్-ఉమ్రా' అను బిరుదమునుండి ఆ ఊరికి పేరు వచ్చినదని చెప్పుదురు. ప్రభువులలో సూర్యుని వంటివాడని ఆ బిరుదమునకు అర్థము. దానిని ధరించినవారిలో ఫక్రుద్దీన్ ఖాన్ అను నవాబు శాస్త్రములయందు మిక్కిలి మక్కువ గలవాడు. 1840 ప్రాంతమున ఆయన తన సొంత ముద్రణశాలలో, ఆంగ్లమునందలి శాస్త్రపాఠములకు ఉర్దూ అనువాదములను అచ్చు వేయించెను. 'సిత్తయె శంసియా' అని పేరొందిన ఆ ఆరు పొత్తములలో యంత్రములు, గ్రహగతులు, నీరు, గాలి, వెలుతురు అను విషయములతోపాటు విద్యుత్తును గూర్చిన పొత్తము కూడ ఒకటి కలదు. హైదరాబాదు వీధులలో విద్యుద్దీపము వెలుగుటకు ఎన్నో దశాబ్దములకు ముందటి మాట యిది.

ఆ ఫక్రుద్దీన్ ఖాన్ మనుమడే సర్ అస్మాన్ జా. ఈయన 1887లో నిజాము ప్రభుత్వమునకు ప్రధానమంత్రి యయ్యెను. ఈయన కాలముననే హైదరాబాదు నగరము ఒక వైద్య ప్రశ్నను తలకెత్తుకొని, ఐరోపా వైద్యలోకము నంతటిని తనవైపు తిరిగి చూచునట్లు చేసినది. క్లోరోఫారము పీల్చిన రోగి శస్త్రచికిత్స బల్లమీద హఠాత్తుగా మరణించినప్పుడు, ముందు ఆగునది ఊపిరియా, గుండెయా? ఇదియే ఆ ప్రశ్న. తాతగారు విద్యుత్తునుగూర్చి పొత్తము అచ్చు వేయించిరి. మనుమని కాలమున గుండెను గూర్చి విచారణ జరిగినది. గుండెను నడుపునది విద్యుత్తే యను సంగతికి మాత్రము ఆ విచారణలో చోటు దొరకలేదు. దొరకకపోవుటవలన ఏమి జరిగినదో చెప్పుటయే ఈ ప్రసంగమున నా ఉద్దేశము.

క్లోరోఫారమును 1847 నవంబరులో ఎడింబరో నగరమున జేమ్స్ యంగ్ సింప్సన్ అను వైద్యుడు వాడుకలోనికి తెచ్చెను. అంతకుముందు కాలు తీసివేయవలసిన రోగిని నలుగురు బలవంతులు అదిమి పట్టుకొనవలసి వచ్చెడిది. అట్టి లోకమునకు ఈ తియ్యని వాసనగల ద్రవము దేవతలిచ్చిన వరముగా తోచినది. కాని మూడు నెలలైనను నిండకముందే, 1848 జనవరి 28వ తేదీన, ఇంగ్లండు ఉత్తరభాగమున హానా గ్రీనర్ అను పదునైదేండ్ల బాలిక కాలిగోరు తీయుటకై ఈ మందును పీల్చి, కొన్ని నిమిషములలో ప్రాణములు విడిచెను. ఆ బాలికకు గుండెజబ్బు లేదు. చేసినది పెద్ద శస్త్రచికిత్సయు కాదు. గోరు తీయబోయి ప్రాణము తీసినట్లయినది.

అటుపిమ్మట ఇట్టి మరణములు ఎడనెడ జరుగుచునే వచ్చినవి. వైద్యులు రెండు పక్షములుగా చీలిరి. కలరా నీటిద్వారా వ్యాపించునని నిరూపించిన జాన్ స్నో, గాఢమైన క్లోరోఫారపు ఆవిరి గుండెనే సూటిగా స్తంభింపజేయునని తలచెను. ఎడింబరోలో శస్త్రవైద్యాచార్యుడైన జేమ్స్ సైమ్, నాడి జోలికి పోక ఊపిరినే కనిపెట్టి యుండవలెనని తన శిష్యులకు నూరిపోసెను. ఇది పుస్తకములలోని వాదము కాదు. మత్తు ఇచ్చువాని వ్రేళ్లు రోగి మణికట్టుమీద ఉండవలెనా, కన్ను రొమ్ముమీద ఉండవలెనా యనునది ప్రతిదినము, ప్రతి బల్లమీద, ఒక ప్రాణము ఆధారపడిన సంగతి.

సైమ్ శిష్యులలో ఎడ్వర్డు లౌరీ ఒకడు. ఈయన 1885లో హైదరాబాదు రెసిడెన్సీ సర్జనుగా వచ్చి, 1846లో స్థాపింపబడిన హైదరాబాదు వైద్య పాఠశాలకును, మూసీ ఒడ్డున నున్న అఫ్జల్‌గంజు ఆసుపత్రికిని పెద్ద యయ్యెను. పట్టుదలకు ఈయన పెట్టినది పేరు. ఆ పాఠశాలలో స్త్రీలకు ప్రవేశము కల్పించిన ఘనత ఈయన కాలమునదే. ఆ తొలి విద్యార్థినులలో రూపాబాయి ఫర్దూంజీ అను పార్సీ యువతి, 1889లో పట్టము పుచ్చుకొని, మత్తుమందు ఇచ్చుటయే వృత్తిగా స్వీకరించెను. ప్రపంచమున తొలి మహిళా మత్తువైద్యురాలు ఈమెయే యని చరిత్రకారులు పలువురు చెప్పుదురు. లౌరీ జరిపించిన క్లోరోఫారపు ప్రదర్శనలలో ఈమెయు పాల్గొనెను.

మన దేశమున క్లోరోఫారమునకు అంత పట్టు ఏల కలిగినదని శ్రోతలకు సందేహము రావచ్చును. ఈథరు అను మరొక మత్తుమందు అప్పటికే కలదు. అది గుండెకు అంత అపాయకారియు కాదు. అయితే ఈథరు సుమారు 35 డిగ్రీల సెంటిగ్రేడు వేడిమికే మరుగును. హైదరాబాదు వేసవిలో సీసా మూత తీసినచో మందు రోగి ముక్కును చేరకముందే గాలిలో కలిసిపోవును. పైపెచ్చు దీపము సోకినచో భగ్గున మండును. క్లోరోఫారము 61 డిగ్రీలవరకు మరుగదు, మండదు. ఉష్ణదేశపు వైద్యునకు దానిని వదలుకొనుట ఎట్లు సాధ్యము?

1888లో లౌరీ ప్రోత్సాహమున హెహీర్, కెల్లీ, షామరెట్ అనువారు ఒక సంఘముగా ఏర్పడి 141 కుక్కలపై ప్రయోగములు చేసిరి. ప్రతి కుక్కకును ఊపిరియే ముందు ఆగినది, గుండె తరువాతనే ఆగినదని తేల్చిరి. లండనులోని 'లాన్సెట్' అను వైద్యపత్రిక దీనిని నమ్మలేదు. లౌరీ ఊరకుండలేదు. ఆరవ నిజాము మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వముచేత వెయ్యి పౌనులు ఇప్పించి, మీకు నమ్మిక గలవాని నొకనిని పంపుడు, మా యెదుటనే పరీక్షింపుడు అని ఆ పత్రికకు సవాలు విసిరెను. ఒక సంస్థానాధీశుడు తన బొక్కసమునుండి ధనమిచ్చి, తన వైద్యుల మాటను పరీక్షించుటకు సీమనుండి పరీక్షకుని పిలిపించుట మన దేశచరిత్రలో తరచుగా కనబడు విషయము కాదు.

లాన్సెట్ పక్షమున లాడర్ బ్రంటన్ వచ్చెను. గుండెనొప్పికి ఆమైల్ నైట్రైటును వాడి 1867లోనే పేరు తెచ్చుకొన్న మహావైద్యుడీయన. క్లోరోఫారము గుండెకు కీడు చేయునను పక్షమువాడు కూడ. నేటివలె శంషాబాదున విమానము దిగుట కాదు. ఓడలో బొంబాయి చేరి, అచ్చటినుండి వాడి మీదుగా రైలులో, 1889 అక్టోబరున హైదరాబాదు చేరుకొనెను. లౌరీ అధ్యక్షుడుగా, బ్రంటన్, బాంఫర్డు, రుస్తుంజీ సభ్యులుగా రెండవ సంఘము పని ప్రారంభించెను. మొత్తము 490 జంతువులను వాడినట్లు బ్రంటన్ లాన్సెటునకు పంపిన తంతి చెప్పుచున్నది. కుక్కలు, గుఱ్ఱములు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్లు అందులో కలవు. ఆ మూగజీవుల మాట తలచుకొనినప్పుడు మనస్సు కలుక్కుమనక మానదు. అంత ప్రాణవ్యయము జరిగిన ప్రయోగమునకు కనీసము ప్రశ్న సరియైనదిగా నుండవలెనని ఎవరైనను కోరుదురు.

వారి ప్రధాన పరికరమునుగూర్చి ఒక్కమాట చెప్పవలెను. జంతువు ధమనిలో గొట్టము చొనిపి, రక్తపు ఒత్తిడిని ఒక మానిసాధనమునకు అందించుదురు. దాని కొనకు కట్టిన ముల్లు, మసిపూసిన కాగితము చుట్టిన పీపామీద గీత గీయుచుండును. పీపా తిరుగుచున్నకొలది గుండెపోటులు అలలవలె కాగితముమీద పడును. ఈ గీతయంత్రమును 1847 ప్రాంతమున కార్ల్ లుడ్విగ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు కల్పించెను. హైదరాబాదులో 120 జంతువులకు ఈ గీతలు తీసిరి. అన్నిటికిని ఛాయాచిత్రములు తీసి భద్రపరచిరి. క్లోరోఫారము గాఢముగా పీల్చిన జంతువు గీత క్రమముగా దిగజారును, ఊపిరి ఆగును, కొంతసేపటికి గుండెపోటులు కూడ ఆగును. మరల మరల అదే వరుస. డిసెంబరులో బ్రంటన్ తంతి కొట్టెను: అపాయము ఊపిరి యాడకపోవుటవలన గాని మోతాదు మించుటవలన గాని కలుగునే తప్ప, గుండెపై సూటిగా పడు దెబ్బవలన కలుగదని దాని సారాంశము. పరీక్షింపవచ్చినవాడే పక్షము మారెను. లౌరీ ఆనందమునకు మేర లేకపోయెను.

ఆ విచారణను కేవలము తప్పని త్రోసివేయుట న్యాయము కాదు. మోతాదు మించినప్పుడు ఊపిరి ముందు ఆగుట నిజము. ఊపిరిని కనిపెట్టియుండుడని వారు చెప్పిన హితవు వేలమంది రోగులను కాపాడియుండును. నాకు తోచినంతవరకు దోషమంతయు 'ఎన్నడును కాదు' అను మాటలోనే యున్నది. కొన్ని వందల జంతువులయందు కనబడని దానిని లేనేలేదని చెప్పుటకు ఎంతో ధైర్యము కావలెను. లౌరీకి అది పుష్కలముగా నుండెను.

వారి గీతలు చూపించినది గుండె నెట్టిన రక్తపు ఒత్తిడిని. గుండెకు నెట్టుమని చెప్పిన ఆజ్ఞ ఏదియో వారు చూడలేదు. ఆ ఆజ్ఞ జాడ అప్పటికే తెలియకపోలేదు. 1856లోనే కొల్లికర్, ముల్లర్ అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక కప్పకాలి కండరమును దాని నరముతో సహా తీసి, ఆ నరమును కొట్టుకొనుచున్న మరొక కప్ప గుండెమీద పరచిరి. గుండె ముడుచుకొనుటకు ఒక్క తృటి ముందుగా, ప్రతిసారియు, ఆ తెగిన కాలు ఎగిరిపడినది! గుండెయందు పుట్టిన విద్యుత్తు నరముగుండ కాలికి ప్రాకినదన్నమాట. అది ముడుపునకు ముందే వచ్చినది గనుక, ముడుపువలన విద్యుత్తు పుట్టుట కాక, విద్యుత్తు వెంట ముడుపు నడుచుచున్నదని తేలినది. 1887లో లండనున అగస్టస్ వాలర్, పాదరసమును సన్నని గాజుగొట్టములో ఉంచి చేసిన విద్యున్మాపకముతో, రొమ్ము కోయకుండగనే మనిషి గుండెవిద్యుత్తును చర్మముమీదినుండి పట్టి చూపించెను. ఈయన తన పెంపుడు కుక్క జిమ్మీ పాదములను ఉప్పునీటి పాత్రలలో పెట్టి, అది నిమ్మకు నీరెత్తినట్లు నిలుచుండగా దాని గుండెగీతను తీసెడివాడు. 1909లో ఆ కుక్కను హింసించుచున్నారని బ్రిటిషు పార్లమెంటులో ప్రశ్న వేసిరట! అఫ్జల్‌గంజు కుక్కల తరఫున అట్టి ప్రశ్న వేసినవారు కానరారు.

గుండెలో విద్యుత్తు ఏ విధముగా పని చేయునో నేడు మనకు చాలవరకు తెలియును. గుండె కుడి పైగది గోడలో, పెద్దసిర వచ్చి కలియు చోట, చిన్న కణముల గుంపు ఒకటి కలదు. దీనిని 1907లో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ కనుగొనిరి. ఎవరును చెప్పకుండగనే అది నిమిషమునకు 60 మొదలు 100 సారులు తనంతట తాను విద్యుత్తరంగమును పుట్టించును. ఆ తరంగము పైగదులలో అలవలె వ్యాపించును. పైగదులకును క్రిందిగదులకును నడుమ విద్యుత్తును పోనీయని నారపొర అడ్డుగా నుండును. ఒక్క సన్నని దారి మాత్రమే తెరచియుండును. ఆ దారిలో తరంగము సెకనులో పదవవంతుసేపు మందగించును. ఆ విలంబము లోపము కాదు, వరము. పైగదులలోని రక్తము క్రిందికి దిగుటకు ఆ వ్యవధి కావలెను. దారి దాటిన తరంగము పుర్కిన్యే తంతువులను శాఖలగుండ సెకనుకు కొన్ని మీటర్ల వేగముతో పరుగెత్తి, క్రిందిగదుల కండరమునంతటిని ఇంచుమించు ఒకేసారి తట్టిలేపును.

తట్టి లేపిన తరువాత ఏమి జరుగును? విశ్రాంతిలో నున్న గుండెకణము లోపలిభాగము వెలుపలికంటె సుమారు 90 మిల్లీవోల్టులు ఋణముగా నుండును. తరంగము వచ్చి తాకగానే పొరలోని సన్నని ద్వారములు తెరచుకొని సోడియము లోనికి దూకును. ఋణము క్షణములో ధనముగా మారును. దాని వెనుక మరికొన్ని ద్వారములగుండ కొంచెము కాల్షియము ప్రవేశించును. ఆ కొంచెము కాల్షియము, కణములోపల సంచులలో దాచియున్న ఎక్కువ కాల్షియమునకు తాళపుచెవి వంటిది. సంచులు తెరచుకొని కాల్షియము కణమంతట నిండును. ట్రోపోనిన్ అను మాంసకృత్తును పట్టుకొనును. అప్పటివరకు మూసియున్న కొక్కెములు తెరచుకొని, మయోసిన్ పోగులు ఆక్టిన్ పోగులను లాగుకొనును. కణము పొట్టిదగును. కోట్లకొలది కణములు అట్లు పొట్టివియగుటయే గుండెపోటు. పిమ్మట కాల్షియమును మరల సంచులలోనికి తోడివేయుదురు కూలివాండ్రవంటి కొన్ని మాంసకృత్తులు. గుండె వదలిపడి రక్తముతో నిండును. చేతికండరపు విద్యుత్స్పందనము సెకనులో కొన్ని వేయవవంతులే యుండగా, గుండెకణమున అది సెకనులో నాల్గవవంతువరకు నిలుచును. ఆ సమయమున రెండవ ఆజ్ఞను అది వినదు. అందువలననే పిడికిలి బిగించి పట్టుకొన్నట్లు గుండెను బిగించి పట్టుట సాధ్యము కాదు. ప్రతి పోటు తరువాతను అది విప్పారి తీరవలెను.

విద్యుత్తు ఆజ్ఞ మాత్రమే, లాగు బలము దానిది కాదు. ఈ సంగతికి తెలుగువారు గర్వింపదగిన అధ్యాయమొకటి కలదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు, అమెరికాలో హార్వర్డు విశ్వవిద్యాలయమున సైరస్ ఫిస్కెతో కలిసి 1927లో కండరములోని ఫాస్ఫోక్రియాటినును, 1929లో ఏ.టి.పి. అను పదార్థమును వెలికితీసెను. అదే యేట జర్మనీలో లోమన్ కూడ దానిని స్వతంత్రముగా కనుగొనెను. మయోసిన్ కొక్కెము లాగుటకును, విడివడుటకును, కాల్షియమును తోడివేయుటకును కావలసిన కూలి ఈ ఏ.టి.పి.యే.

ఆజ్ఞయు పనియు రెండని 1913లో జార్జి రాల్ఫ్ మైన్స్ అను ఆంగ్ల యువకుడు కంటికి కనబడునట్లు చేసెను. కాల్షియము లేని ద్రవములో కప్పగుండె ముడుచుకొనుట మానివేసినది, కాని విద్యుత్తరంగములు వచ్చుచునే యుండెను! కాల్షియము లేనిదే గుండె ఆడదని సిడ్నీ రింగర్ 1883లోనే కనుగొనెను. అది ఆజ్ఞకును పనికిని నడుమనుండు మధ్యవర్తి యని మైన్స్ ప్రయోగమువలన స్పష్టమైనది. ఆ ప్రతిభాశాలి మరుసటి ఏట, ఇరువదియెనిమిదేండ్ల ప్రాయమున, తన ప్రయోగశాలలోనే అస్వస్థుడై మరణించెను.

ఆజ్ఞ ఆగిపోవుట ఒక ప్రమాదము. ఆజ్ఞ చెదిరిపోవుట మరొకటి. రథోత్సవమునాడు మోకు పట్టిన వందలమంది 'గోవిందా' యను కేక వినగానే ఒక్కుమ్మడి లాగినచో ఎంతటి తేరైనను కదలును. అదే జనము, అదే బలము, కేక మాత్రము లేక, ఎవరి కిష్టమైనప్పుడు వారు లాగినచో మోకు వణకును, తేరు అంగుళమైనను జరుగదు. క్రిందిగదుల కండరమున విద్యుత్తరంగము ముక్కముక్కలై సుడులు తిరిగినప్పుడు గుండెకు పట్టు గతి యిదే. ప్రతి పోగును పని చేయుచుండును. గుండె మాత్రము పురుగులు నిండిన సంచివలె కదలుచు, బొట్టు రక్తమైనను నెట్టదు. వైద్యులు దీనిని ఫిబ్రిల్లేషను అందురు. మనము గుండెవణకు అందము. 1850లో, ఆ గీతయంత్రము కల్పించిన లుడ్విగ్ ప్రయోగశాలలోనే, కుక్క గుండెకు విద్యుత్తు తగిలించి దీనిని మొదట చూచిరి. మనుష్యులలో హఠాన్మరణములకు ఇదియే కారణము కావచ్చునని అబర్డీను నగరమున జాన్ మెక్‌విలియమ్ ప్రకటించినది ఏ సంవత్సరమో వినుడు. 1889! అఫ్జల్‌గంజులో పీపా తిరుగుచున్న సంవత్సరమే.

హైదరాబాదు తీర్పుపై మొదటి గట్టి దెబ్బ 1893లో కేంబ్రిడ్జినుండి తగిలినది. గాస్కెల్, షోర్ అను శాస్త్రజ్ఞులు క్లోరోఫారము మెదడుకు గాక గుండెకే చేరునట్లు రక్తపు దారులను మార్చి పరీక్షించి, అది గుండె బలమును సూటిగా క్రుంగదీయుచున్నదని చూపిరి. ఈ గాస్కెల్ సామాన్యుడు కాడు. తాబేలు గుండెపై పదేండ్ల ముందే పనిచేసి, పోటు నరములవలన కాక కండరములోనే పుట్టి, కండరమునుండి కండరమునకు ప్రాకునని నిరూపించినవాడు. అయినను హానా గ్రీనర్ వంటివారి మరణము దీనితోను విడిపోలేదు. ఆ బాలిక పీల్చినది కొంచెమే. గుండె నెమ్మదిగా క్రుంగుటకు వ్యవధి యెక్కడిది?

సమాధానము 1911లో వచ్చినది. ఆల్ఫ్రెడ్ గుడ్‌మన్ లెవీ పిల్లులకు పలుచగా క్లోరోఫారము పట్టి, ఇంచుక అడ్రినలిను ఎక్కించెను. మరుక్షణమే గుండెవణకు పట్టి అవి చచ్చిపోయినవి. మత్తు గాఢముగా నున్న పిల్లికి అదే అడ్రినలిను ఎక్కించినచో ఏమియు కాలేదు! లెవీ, థామస్ లూయిసుతో కలిసి, ఐంథోవెన్ కల్పించిన తంతి గాల్వనోమాపకముతో ఆ గుండెల విద్యుద్గీతలను తీసెను. క్రమముగా వచ్చు తరంగములు దారి తప్పి, త్వరపడి, చివరకు అడ్డదిడ్డపు వణకుగా మారుట ఆ గీతలలో కనబడినది. అడ్రినలిను వెలుపలినుండి ఎక్కించవలసిన పని కూడ లేదు. భయపడిన మనిషి శరీరము దానిని తానే పుట్టించుకొనును. బల్లమీద భయముతో గింజుకొనుచున్న రోగికి మందు మొదలుపెట్టిన తొలి నిమిషములే కాని, మత్తు లోతుగా దిగిన తరువాతి సమయము కాదు, ఎక్కువ అపాయకరమైనవి. భయము, పలుచని మత్తు, అడ్రినలిను, చెదిరిన విద్యుత్తు: హానా గ్రీనర్ వంటివారి మరణములకు ఇంతకంటె చక్కగా పొసగు కారణము మరొకటి కానరాదు.

ఇప్పుడు హైదరాబాదు సంఘము ఏల పొరబడినదో తెలియును. వారు ఎక్కువ పాలు జంతువులను గాఢమైన మత్తులో ముంచి చంపిరి. ఆ గాఢతయే వాటి గుండెలను వణకునుండి కాపాడినది. పలుచని మత్తులో చేసిన పరీక్షలలోను, అరుదుగా వచ్చు ఆ ప్రమాదము వారి కంటబడలేదు. ఒకవేళ బడినను, ఒత్తిడిగీత ఆగిన గుండెకును వణకు గుండెకును ఒకే విధముగా నేలకు దిగును; భేదము చెప్పవలసినది విద్యుద్గీత. సంఘము నివేదిక 1891లో బొంబాయిలో ముద్రింపబడినది. అఫ్జల్‌గంజు ఆసుపత్రి 1908 సెప్టెంబరు 28వ తేదీ మూసీ వరదకు బలియైనది. ఏడవ నిజాము కాలమున ఆ తావుననే ఉస్మానియా ఆసుపత్రి వెలసినది. నివేదికలోని గీతలు మాత్రము నిలిచినవి. అవి యెంతో శ్రద్ధతో తీసిన గీతలు. అందు విద్యుత్తు గీత ఒక్కటియు లేదు.

వణకు పట్టిన గుండెను నిలబెట్టుటకు ఉపాయము కూడ విద్యుత్తే. 1947లో అమెరికాలో క్లీవ్‌లండు నగరమున క్లాడ్ బెక్ అను శస్త్రవైద్యుడు, పదునాలుగేండ్ల బాలునికి రొమ్ము శస్త్రచికిత్స చేయుచుండగా గుండెవణకు పట్టినది. బెక్ చేతితో గుండెను పిసుకుచు రక్తమును నడిపి, పిమ్మట గుండెకే రెండు పలకలు ఆనించి విద్యుదాఘాతము నిచ్చెను. వణకు ఆగి, క్రమమైన పోటు తిరిగి వచ్చినది. బాలుడు బ్రతికెను. ఇచ్చట సామాన్యముగా ఒక భ్రమ కలదు. ఆఘాతము గుండెను మొదలుపెట్టునని చాలమంది అనుకొందురు. అది చేయునది దానికి విరుద్ధము. కణములన్నిటిని ఒక్కసారి ఉత్తేజపరచి, సుడులన్నిటిని చల్లార్చి, నిశ్శబ్దము కల్పించును. ఆ నిశ్శబ్దమున కీత్, ఫ్లాక్ కనుగొన్న చిన్న గుంపు మరల తన కేక వేయును, తేరు కదలును.

1956లో పాల్ జోల్ రొమ్ము తెరువకుండ వెలుపలినుండియే ఆఘాతము నిచ్చు పద్ధతిని ప్రకటించెను. తరువాతి దశాబ్దములలో ఆ యంత్రము చేతిసంచియంత అయినది. రొమ్మునకు అంటించిన పలకలగుండ గుండె విద్యుద్గీతను తానే చదివి, వణకు ఉన్నప్పుడు మాత్రమే ఆఘాతమునకు అనుమతించును, లేనిచో నిరాకరించును. అందువలన దానిని వైద్యుడు కానివాడును వాడవచ్చును. జనసమ్మర్దము, తొందర, సామానుల బరువు, ఆందోళన కలిసియుండు విమానాశ్రయములు దీనికి మొదట తగిన చోట్లుగా తోచినవి. మన శంషాబాదు వంటి చోట ఒక్క దినమున నడచిపోవు జనమును చూచినవారికి ఆ కారణము వేరుగా చెప్పనక్కరలేదు. ఆఘాతము ఆలస్యమైన ఒక్కొక్క నిమిషమునకును బ్రతుకు ఆశ నూటికి ఏడు మొదలు పది పాళ్లు తగ్గును. యంత్రము వచ్చులోపల రొమ్ము నడుమ రెండు చేతులతో నిమిషమునకు నూరు మొదలు నూట ఇరువది సారులు గట్టిగా అదిమినచో ఆ తగ్గుదల మందగించును.

షికాగో నగరపు మూడు విమానాశ్రయములలో ఈ యంత్రములను గోడలకు తగిలించి రెండేండ్లపాటు లెక్క వ్రాసిరి. 2002లో ఆ లెక్కను ప్రకటించిరి. ఆ కాలమున గుండెవణకుతో కూలినవారు 18 మంది. వారిలో 11 మందికి ప్రాణము వచ్చినది. ఆ పదునొకండుగురిలో ఆరుగురిని రక్షించినవారు ఆ యంత్రమును అంతకుముందు ఎన్నడును వాడి యెరుగరు. ఆ దారిన పోవుచు ఆగినవారు.